పద్దెనిమిది వందల నలభై ఏడు

గొడుగు తన నెత్తికి కాక
కంప్యూటర్ పెట్టెకి పట్టుకుని, తడిసి ముద్దై వచ్చింది త్సియాలా.
కుతాయిసిలో, రియోని మీది వంతెన దిగగానే
నా మరమ్మతు కొట్టు. రెండు బల్లలు, ఒక హీటరు.

"డబ్బు కట్టాను నోదార్, పింఛనులో మూడోవంతు.
వేగం పెంచుతానంది. వేగం మాట దేవుడెరుగు,
పొద్దున మీట నొక్కి, కాఫీ కాచుకుని తాగి, గిన్నె కడిగొచ్చినా
ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది."

పెట్టి చూశాను.
అన్నిటికంటే ముందు నిద్రలేచింది
ఆమె డబ్బిచ్చి తెచ్చుకున్న ఆ వైద్యుడే.
ఎర్రటి అంకెల్లో: 1,847 దోషాలు.
కిందటి వారం నయం చేసినవి, 1,847.
అంతకు ముందు వారమూ అంతే.
ఒక్కటీ తగ్గని రోగాన్ని
ఇంత కచ్చితంగా లెక్కపెట్టేవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

దోషమంటే ఏమిటంది.
ఎప్పుడో పారేసిన ప్రింటరు పేరు ఏ మూలో రాసి ఉంటుంది,
ఖాళీ చేసి పోయినవాడి పేరు తలుపు మీద మిగిలినట్టు.
దానికి ఇల్లు బరువెక్కదు.
ఉన్న కాస్త మెమరీలో సగం మేస్తున్నది మాత్రం
నువ్వు జీతమిచ్చి వేయించుకున్న కంచే.

మరలు విప్పాను.
ఫ్యాను రెక్కల మధ్య పిల్లి బొచ్చు,
ఊదారంగు ఉన్ని పోగు, హేజెల్ గింజ తొక్క ఒకటి.
ఒక బ్రష్షు. ఊదడానికి నా నోరు.
వంగి చూసి పకపకా నవ్వింది.
నవ్వు మధ్యలో ఆగింది.

ముప్పై ఏళ్లు ఈ ఊరి పియానోలు శ్రుతి చేసిన మనిషి.
"ఒకసారి పళ్ల డాక్టరు ఇంట్లో
ఒక మెట్టు మూగబోయింది.
లోపల పెన్సిలు ముక్క పడింది, అంతే.
తీసి జేబులో వేసుకున్నాను.
తర్వాత రెండు గంటలు తీగలన్నీ తిప్పుతూ కూర్చున్నాను,
శ్రుతిలో ఉన్నవాటినే.
ఆ ఇల్లాలు అంజూరపు మురబ్బా కూడా ఇచ్చి పంపింది.
ఆ చలికాలం నాకు బూట్లు లేవు."

హీటరు చిటపటమంది.
నేనేమీ అనలేదు.

వైద్యుణ్ణి సాగనంపుతుంటే
నిజంగానే పొమ్మంటారా అని మూడుసార్లు అడిగాడు.
మూడోసారి, సగం ధరకే ఉండిపోతానన్నాడు.
అన్నిసార్లూ ఆమే నొక్కింది,
మెట్టు మీద వేలు పెట్టినట్టు, మెల్లగా, అడుగంటా.

చచ్చిపోయిన ఇంకో యంత్రంలోంచి దాచిన
మెమరీ ముక్క ఒకటి సొరుగులో ఉంటే తగిలించాను.
ఈసారి కాఫీ కాదు కదా, తుమ్ము వచ్చేలోపే లేచింది.

"ఎంతివ్వను?"
నోటిదాకా వచ్చిన అంకె ఒకటుంది.
దాన్ని మింగి, సగం చెప్పాను.
ఆ సగంలోనూ హేజెల్ తొక్క ఖరీదు కొంత కలిసే ఉంది,
కొట్టు అద్దె ఇంకా కట్టలేదు మరి.

నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది.
గుమ్మం దగ్గర గొడుగు విప్పుతూ
"ఇంత తొందరగా ముగిస్తే
ఎలా బతుకుతావురా?" అంది.