దుబాసీ లెక్క

నేను దుబాసీని.
వాళ్ళ మాట మావాళ్ళకీ, మా మాట వాళ్ళకీ
తూకం తప్పకుండా చేరవేసినందుకు
వారానికి నాలుగు రొట్టెలు, ఒక సబ్బుబిళ్ళ.
ఆ సబ్బుతో చేతులు కడుక్కునేవాణ్ణి కాదు. దాచేవాణ్ణి.

పెత్రాకోస్‌ని కాల్చిన మర్నాడు
మాని కొండల్లో, గ్రీసు కొసన, ఒక రాతి బురుజింట్లో
శవం చుట్టూ ఆడవాళ్ళు కూర్చున్నారు.
లిగెరీ జుట్టు విప్పుకుని శోకం ఎత్తుకుంది.
పాదానికి ఎనిమిది అక్షరాలు,
మోకాలి మీద అరచేత్తో తాళం.
ఏడుపుకి కూడా ఛందస్సు తప్పని ఊరది.

గుమ్మంలో జర్మన్ ఆఫీసరు, చేతిలో పెన్సిలు.
"ఏమంటోంది?"

ఆమె అంటోంది:
రెండు డబ్బాల కిరసనాయిలుకి
నా కొడుకు పేరు అమ్ముడైంది,
కొన్నవాడి బూట్లకి మెరుపు
అమ్మినవాడి మీసాలకి పిండి...

ఊళ్ళో మీసాలకి పిండి అంటేది ఒక్కడికే.

నేనన్నాను: "పిల్లాడికి అత్తిపళ్ళంటే ప్రాణమట."
రాసుకున్నాడు: అత్తిపళ్ళు.

ఆమె అంటోంది:
ఉప్పుమడుల దారి మానేయండి నాయనా,
మేకలకే తెలిసింది, మీకు తెలీదా...

"మేకల్ని ఇక ఎవరు కాస్తారని."
మేకలు, అని రాసుకున్నాడు.

ఆ పుస్తకం ఎక్కడైనా మిగిలుంటే
అందులో ఒక ఊరుంటుంది,
పళ్ళూ మేకలూ తప్ప ఏమీ ఎరగని ఊరు.
నా జన్మకి నేను అల్లిన కావ్యం అదొక్కటే,
అదీ పరాయి దస్తూరీలో.

అప్పుడామె తలెత్తి నా వైపు చూసింది.
తాళం ఆగలేదు.
రెండు నాలుకల వాడా,
ఒకదానితో రొట్టె తిను,
రెండోదాన్ని మాకు...
అక్కడ ఊపిరి తీసుకుంది.
మిగతా ఆడవాళ్ళు అందుకున్నారు.

"ఏమంటోంది?"
"వచ్చినందుకు మీకు దణ్ణం పెడుతోంది."
ఆఫీసరు టోపీ తీశాడు, పాపం.

యుద్ధం అయ్యాక కాఫీ కొట్లో కుర్రాళ్ళు అడుగుతారు,
కవిత్వం ఏం చేసిందని.
వంతెన కూల్చలేదు. పెత్రాకోస్ లేచి రాలేదు.
పిండిమర మాత్రం ఆగిపోయింది.
ఎవరూ రాయి విసరలేదు, నిప్పు పెట్టలేదు.
గుప్పెడు గింజలు దొరికినా సరే
నెత్తిన పెట్టుకుని నాలుగు గంటలు నడిచి
అవతలి ఊళ్ళో ఆడించుకున్నారు.

నన్నెవరూ ఏమీ అనలేదు.
అదే ఇప్పటికీ మింగుడుపడదు.
నా మీద కట్టిన ఆ చివరి పాదాన్ని
రాత్రుళ్ళు వేళ్ళ మీద లెక్కపెడతాను.
ఏడే వస్తాయి.
లిగెరీ లెక్క తప్పే మనిషి కాదు.