నేను విద్యార్థిని

చిత్తూరు కోర్టు గోడకు ఆనుకుని
ఆరడుగుల కొట్టు నాది.
పదిన్నరకు షట్టరెత్తితే
పొద్దుగూకేదాకా ప్రమాణాలు టైపు కొడతాను.
"పైన తెలిపినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని..."
పేరు మారుతుంది, సర్వే నంబరు మారుతుంది,
నిజం మాత్రం కాపీ, పేస్టు.

పదకొండేళ్లు ఆ నిజాలన్నీ
ఒక దొంగ విండోస్ మీదే కొట్టాను.
గుణశేఖర్ పెన్ డ్రైవులో తెచ్చి
రెండొందలకూ ఒక టీకీ ఎక్కించి పోయాడు.
తెర కింద కుడిమూలన
లేతగా, తుడిస్తే పోని మరకలా
ఇది అసలుది కాదు అని ఉండేది.
ప్రింటులో పడదు కాబట్టి
జడ్జిగారికీ తెలీదు, కక్షిదారుకీ తెలీదు.
నాకొక్కదానికే తెలుసు.
నేనూ చూడ్డం మానేశాను.

మొన్న ఉరుముల వానకి పాత పెట్టె కాలిపోయింది.
కొత్తది తెచ్చాను, లోపల ఏమీ లేనిది.
ఈసారి కొనే వేద్దామని కూర్చుంటే
రెండు ధరలు.
మామూలోళ్లకు ఒకటి,
చదువుకునేవాళ్లకు అందులో మూడో వంతు.
కార్డడగలేదు. హాల్ టికెట్టడగలేదు.
ఒక చిన్న గడి, పక్కన తెలుగులోనే ఒక మాట:
"నేను విద్యార్థిని."

ఎంత సులువుగా అతికింది నాకు!
మగవాడికైతే ఆ చివరి 'ని'
తనమీద తనే చెప్పుకునే సాక్ష్యం.
నాకది పుట్టుకతో వచ్చిన అక్షరం.
ఇంటర్ రెండో ఏడు నడిమధ్యలో ఆపేసిన హంసవేణి
నలభయ్యారేళ్ల వయసులో
ఒక్క క్లిక్కుతో ఆ వాక్యంలోకి నడిచి వెళ్లొచ్చు.

మా అమ్మ పాలు పోసే కేంద్రంలో
రోజూ లాక్టోమీటరు ముంచుతారు.
ముప్పయ్యేళ్ల నమ్మకమైనా సరే, తేలాల్సిందే.
ఇక్కడెవరూ ఏమీ ముంచరు.
నన్ను నన్నే ముంచి చూసుకోమంటున్నారు.

గుణశేఖర్‌కి ఫోన్ చేస్తే నవ్వాడు.
"టిక్కు కొట్టెయ్ కా, యెవురొస్తారు సూసేదానికి?
దినామూ ఏదో వొకటి నేర్చుకుంటానే ఉండావు కదా నువ్వు."
నిజమే. కొత్త ఫారాలు నేర్చుకున్నా, యూనికోడ్ నేర్చుకున్నా,
ఏ గుమాస్తా ఏ వేళకు మెత్తబడతాడో నేర్చుకున్నా.
వాదన బాగానే ఉంది.
ఇంతకన్నా బలహీనమైనవాటికి స్టాంపు పడ్డం
రోజూ చూస్తున్నదాన్నే.

వేలు మౌసు మీద ఉండగానే
గుడిపాల నుంచి దొరస్వామి వచ్చాడు,
కండువాలో చుట్టిన కాగితాలతో, జిరాక్సుకు.
మా కొట్లోనూ ఒక బోర్డుంది:
విద్యార్థులకు పేజీ రూపాయి, మిగతావాళ్లకు రెండు.
ఎవర్నీ ఏమీ అడగను.
నెరిసిన మీసాలు కూడా "స్టూడెంటే మేడం" అంటాయి,
రూపాయే కదా, ఊరుకుంటాను.
దొరస్వామి పద్నాలుగు పేజీలకు
ఇరవయ్యెనిమిది లెక్కపెట్టి ఇచ్చాడు.
మిషను అద్దం మీద చివరి కాగితం మిగిలిపోయింది.
ఓపెన్ స్కూలు, పదో తరగతి.
ఫోటోలో ఆయనే. వయసు అరవై రెండు.

"బోర్డు చూళ్లేదా పెద్దాయనా?"
"చూసినా మ్మా."
పక్క కొట్టుకేసి చూసి గొంతు తగ్గించాడు.
"సెప్పేదానికి సిగ్గయిపాయ."

పద్నాలుగు రూపాయలు తిరిగిచ్చాను.
తీసుకోలేదు. తర్వాత తీసుకున్నాడు.
మెట్టు దిగి, వెనక్కి తిరిగి
బోర్డు మీది మొదటి మాటను
కూడబలుక్కుంటున్నట్టు కాసేపు నిలబడ్డాడు.

గడి అట్లాగే ఉంది, తెల్లగా.
పూర్తి ధర కట్టాను.
నిజాయితీ అని ఎవరూ అనకండి,
తిట్టుకుంటూ కట్టాను,
ఆ నెల కరెంటు బిల్లుకు అపరాధ రుసుం కూడా పడింది.
ఇప్పుడు తెర కుడిమూలన ఏమీ లేదు.
అలవాటుకొద్దీ కన్ను అక్కడికే పోతుంది.
ఆ ఏమీ లేనిచోటును చూస్తూనే
తర్వాతి మనిషి ప్రమాణం మొదలుపెడతాను.
"నేను" అని కొట్టి
ఆగి
పేరడుగుతాను.