ఇరవై మూడు తూట్లు

మోటరు మీది రేకు మీద రాసి ఉంది:
నిమిషానికి పద్నాలుగు వందల నలభై.
సదివిన గని
అదేందో అప్పుడు నాకు ఎరుకలేదు.

పదకొండేండ్లు జాకెట్లు కుట్టిన కాలు నాది.
పెండ్లిళ్ల దినాలల్ల
శివనగర్ మొత్తం కరెంటు పోయినా ఆగని కాలు.
బట్ట తప్పును మన్నిస్తది.
దారం ఇప్పి, గోటితోని రుద్ది,
ఇన్ని నీళ్లు చల్లి ఇస్త్రీ పెడితె
ఏం జరగనట్టే మొఖం పెడ్తది.

ఓదెలుది వేరే చెయ్యి.
ఆరెతోని ఒక తూటు,
మైనం రాసిన దారం రెండు దిక్కుల నుంచి గుంజుడు,
మళ్ల ఒక తూటు.
బెల్టుకు ఒక పూట.
నడుమ బీడీ, నడుమ ముచ్చట.
కండ్లకు పొర వచ్చినంక
ఆరె వేలును వెతుక్కునుడు మొదలైంది.

సికింద్రాబాద్ నుంచి పాత మిషను
ఖాళీ మిర్చి లారీల వచ్చి దిగింది.
ఎద్దు మెడ అసొంటి మెడ దానిది.
మొదటి ఆర్డరు గోదావరిఖని నుంచి:
బాయి దిగేటోళ్ల నడుముకు
లైటు బ్యాటరీ మోసే బెల్టులు నలభై.
పెడలు మీద కాలు పెట్టిన,
అదే జాకెట్ల కాలు.
ఊపిరి తీసుకునే లోపల ఇరవై మూడు తూట్లు.
గీత మీద మూడు,
గీత దాటి ఇరవై.

దారం ఇప్పిన. గోటితోని రుద్దిన. నీళ్లు గూడ చల్లిన.
తూట్లు నన్నే సూస్తున్నయి.
ఓదెలు బెల్టును తడిమి, వేలితోని ఒక్కొక్కటి లెక్కవెట్టి,
"తోలు మరువదే" అని
ఛాయ్ తాగవోయిండు.

కాజీపేట లోకోషెడ్ల ముప్పై ఏండ్లు చేసిన ఇమ్దాద్ సాబ్
తెగిన సంచి పట్టీ పట్టుకొని వచ్చి
మోటరు సప్పుడు విని గడప కాడనే ఆగిండు.
"గూడ్సు బండిని ఇట్ల లేపితె కప్లింగులు తెగుతయి బేటా."
ఆదివారం పానలు తెచ్చుకున్నడు.
మోటరు కాడి పెద్ద గిర్ర ఊడదీసి
పిడికిట్ల పట్టే గిర్ర బిగిచ్చిండు.
నడుమ ఇంకో పెద్ద చక్రం గావాలన్నడు.
అది కాశిబుగ్గల మూతవడ్డ కారం గిర్నిల దొరికింది,
పాత ఇనుము కింద, కిలో లెక్కన.

స్విచ్ వేసినంక ముందుగాల
ముగ్గురం తుమ్మినం.
ఏండ్లసంది గాడిల దాసుకున్న కారం
దుకాణమంత లేశింది.

తర్వాత సూది దిగింది.
దిగుడు కనవడ్డది, లేసుడు కనవడ్డది.
మూడు పొరల తోలుల నిన్న తన్నుకున్న సూది
ఇయ్యాల నాట్లేసే చెయ్యి లెక్క ఆగి ఆగి పోతుంది.
"దౌడు తీసేస్తె దమ్ము వస్తది" అన్నడు ఇమ్దాద్ సాబ్
కండ్లు తుడుచుకుంట.
కారానికే.

గని కాలుకు ఎవరు గిర్ర మారుస్తరు?
పెడలు కింద ఇటుక పెళ్ల పెట్టిన.
చెప్పులిడిసి ఉట్టి కాలుతోని,
బొటనవేలు పొమ్మంటె మడమ ఆగమనాలె.
ఒక్క కాలుల్నే ఆలుమగల కొట్లాట.
నెల పట్టింది.
నిద్రల గూడ పిక్క గుంజేది.

ఇప్పుడు అంగుళానికి ఆరు కుట్లు.
ఓదెలు పక్కన కూసొని సప్పుడు వింటడు,
ఒకటి దప్పితె నాకన్న ముందు
ఆయన చెయ్యి చక్రం మీద ఉంటది.
చివరి మూడు కుట్లు మోటరుకు ఇయ్యం.
చేతితోని తిప్పుతం, ఎవరి చెయ్యి దగ్గరుంటె వాళ్లం.
తూట్ల బెల్టు మేకుకు ఏలాడుతుంది,
దాని మీద రంపె నూరుకుంటడు.

మొన్న ఆఖరు బెల్టు మూల కాడ కరెంటు పోయింది.
"సూదేడుంది?" చీకట్ల అడిగిండు.
"తోలులనే."
"అయితె మలుపు."
అదిమే పాదం లేపి
సూది సుట్టు బెల్టును మలిపిన.
కొద్దిసేపు సూసి, స్విచ్ ఆపుడు మరిచి
ఎనుక ఇంట్లకు పోయి పండుకున్నం.

అర్ధరాత్రి కరెంటు వచ్చింది.
మోటరు ఒక్కతే గుర్రుమంటుంది చీకట్ల,
నిమిషానికి పద్నాలుగు వందల నలభై.
గిర్ర కదలలే.
నేను లేవలే.