స్టేషన్ నుంచి తుపాకి తెచ్చుకునే రోజున

ఓట్ల లెక్క అయిపోయింది గదా తిరపాలూ,
ఇక పో, ఉదయగిరి స్టేషన్లో జమచేసిన
జోడుగొట్టం తెచ్చుకో.
నా కళ్ళలో శుక్లాలొచ్చి
లైసెన్సు నీ పేర మారినాక ఇదే మొదటిసారి.
రసీదు మర్చిపోబాక.
రైటరు తొందరపెడతాడు,
నంబరు కలిసిందాకా సంతకం పెట్టబాక.
ఒకసారి సీతారామపురం వాళ్ళది మనకొచ్చింది,
మనది వాళ్ళకి పోయింది,
రెండు నెలలు పొరుగింటి బిడ్డని సాకినట్టు సాకినాం.

చేతికి రాంగానే విరిచి చూడు.
ఖాళీ అని వాళ్ళు చెప్పినా చూడు,
ఖాళీ అని నేను చెప్పినా చూడు.
ఖాళీ తుపాకి అనేది ఈ లోకంలో లేదబ్బయ్యా,
చూసిన తుపాకి, చూడని తుపాకి,
అంతే.

ఆనక గొట్టాలు ఆకాశానికెత్తి కన్ను పెట్టు.
రెండు చందమామలు కనపడాల, మచ్చలేనివి.
కనపడవులే.
మూడు నెలలు చెమ్మగోడకి ఆనించుంటారు,
తుప్పు గోరింటాకు మాదిరి పండుంటది.
కొబ్బరినూనె పొయ్యబాక,
మీ నాయన పోసి, జిగురు పట్టించి
వారం రోజులు నన్ను తిట్టినాడు.
మిషను నూనె, పాత బనీను గుడ్డ, ఓపిక.
మూడోది అంగట్లో దొరకదు.

మడమకర్ర చీలుంటే మేకు కొట్టబాక.
కర్ర ఒక్కటే ఊడదీసి
దుర్గం కింద గరిటెలు చెక్కే ఖాసింబీకి చూపించు.
పోయినేడు ఆమె చీలికలో
అగ్గిపుల్లంత నర్దిచెక్క దించి,
గీసి, రుద్ది, నా చేతిలో పెట్టి అన్నది:
"గరిటెలు చేసే చెయ్యి అన్నా ఇది,
దీంతో ఏం వడ్డిస్తారో మీ ఇష్టం."

తూటాలొక చోట, తుపాకొక చోట, తాళంచెవొక చోట.
మూడూ ఒక్క గదిలో పండుకోగూడదు.
తూటాలు పొయ్యి పక్క గూట్లో కాదు,
బిస్కెట్ల డబ్బాలో మూత బిగించి పెట్టు.
అట్ట ఉబ్బింది గొట్టంలో దిగనంటే
దాని మాట విను, సుత్తి తియ్యబాక.
మా మేనమామ విన్లేదు,
ఎడంచేత్తో మూడు దాకానే లెక్కపెట్టేవాడు.
చెవి మాత్రం నీ పెళ్ళాం కొంగున ఉండాల.
నువ్వు తాగొస్తే ఇయ్యదు.
అసలు లైసెన్సు అదీ.

ఇంట్లో ఇంకేమేం ఉండాలని అడిగినావు.
పిడి వదులైన గొడ్డలి తుపాకి కన్నా చెడ్డది,
నీళ్ళలో నానేస్తే రెండు రోజులే బిగువు,
చీల దిగ్గొట్టు.
నిచ్చెన ఎవరికీ అప్పియ్యబాక,
ఇచ్చినా మెట్లు లెక్కపెట్టి ఇయ్యి.
టెస్టరు లేకుండా, చెప్పులు లేకుండా
మోటారు స్టార్టరు పెట్టె తెరవబాక.

వీటన్నిటికన్నా ముందు టార్చిలైటు.

చెనిక్కాయ ఊడలు దిగిన నెల అది.
అమాస.
పందులు మూడు రాత్రుళ్ళుగా చేను దున్నతా ఉండాయి.
మంచె మీద నేను.
కిందెక్కడో మట్టి పెళ్ళగించే చప్పుడు,
నల్లటి వీపొకటి కదలతా ఉంది.
గాల్లో పేల్చి తోలదామనే పోయినవాడిని,
కోపంలో గొట్టం ఎప్పుడు కిందికి దిగిందో తెలీదు.
కొక్కేలు రెండూ లేచుండాయి.
ఎడం చేత్తో టార్చి నొక్కినా, వెలగలా.
సెల్లులు నీరు కారిపోయినాయి.
తిట్టుకుంటా మోకాలికేసి కొట్టినా,
ఒక్క గుటక వెలుగు.

నల్ల కంబళి.
కంబళి కింద మొహం.
ఒళ్ళో దోసెడు పచ్చి కాయలు.
"ఆర్పు సామీ, కళ్ళు పోతుండాయి" అన్నది.

ఆర్పినా.
తూటాలు రెండూ బయటికి తియ్యబోతే
వేళ్ళు నా మాట వినలేదు,
తీసేసరికి కొండ మీద వేగుచుక్క పొడిచింది.

ఎవరని అడగబాక, చెప్పను.
ఇప్పటికీ వీధిలో ఎదురైతే
"సెల్లులు మార్చినావా?" అంటుంది,
అంతకు మించి ఒక్క మాట అనదు.

సరే, బస్సు టైమయింది.
స్టేషన్ కంటే ముందు
బస్టాండు పక్క అంగట్లో సెల్లులు తీసుకో.
మూడు.
డబ్బులు నేనిస్తా.