ఎనభై నాలుగో పేజీ

తడి కోటు ఆ మేకుకి తగిలించు, వాన్నెస్.
బస్సు దిగి తిన్నగా ఇటే వచ్చినట్టున్నావు,
బూట్ల నిండా హాప్ తోటల బురద.
సెప్టెంబరులో మా పోపెరింగెలో
ఎవరి బురదకైనా అదే వాసన.

బీరు గురించి ఓనమాలు రావు, ఒక పుస్తకం ఇవ్వండి అన్నావు.
ఈ వారంలో ఆ మాట అన్నవాళ్ళలో నువ్వు నాలుగోవాడివి.
మొన్న వచ్చిన నర్సు, హాదెవిచ్,
చేదు తనకి పడదని చెప్పడానికే
చెవుల దాకా ఎర్రబడింది.
చెర్రీలు నానబెట్టే పుల్ల బీర్ల మీద పల్చటి పుస్తకం ఒకటి ఇచ్చాను.
రాత్రి ఫోన్ చేసింది:
"చదువుతూ కూర్చున్నాను, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి."
పొంగనీ అన్నాను. పొంగడంతోనే కదా మొదలు.

నీకేది ఇవ్వాలి?

ఇదిగో, ఇటుకంత పుస్తకం.
సుమేరు వాళ్ళతో ఎత్తుకుంటుంది,
మూడొందల పేజీలు నడిచినా
ఒక్క గ్లాసూ నిండదు.
గాలికి తలుపు కొట్టుకోకుండా నేను అడ్డం పెట్టేది దీన్నే.

ఇది బొమ్మలది.
ప్రతి బొమ్మలోనూ నురగ
పెళ్ళికొడుకు తలపాగాలా బిగదీసి నిలబడుతుంది.
నురగ అలా ఉండదయ్యా. కూర్చుంటుంది, అలుగుతుంది,
పోతూ పోతూ గ్లాసు గోడకి లేసు అల్లి పోతుంది.
ఫొటో తీసినవాడు సబ్బు కలిపాడని నా అనుమానం.

ఇది రసాయన శాస్త్రం.
రాసినాయన మహా పండితుడు, కాదనను,
కానీ పీపా కడిగిన చెయ్యి కాదు.
పీపా కడిగినవాడి వాక్యం పొట్టిగా ఉంటుంది.
నడుం నొప్పి.

ఇది మార్కులు వేసేది,
వందకి తొంభై ఒకటి, వందకి ఎనభై ఎనిమిది.
నీ నాలుక ఇంకా పలకే పట్టలేదు,
అప్పుడే దానికి పరీక్ష ఎందుకు?

కదలకు, ఆ కుర్చీకి ఒక కాలు కుదురు లేదు.

నువ్వు కూర్చున్న ఈ నేలమాళిగ
ఒకప్పుడు బార్లీ మొలకెత్తించిన చోటు.
మా అత్త మార్తినా చెక్క పారతో
రాత్రికి రెండుసార్లు గింజల్ని తిరగేసేది.
మొలక బార్లీది దోసకాయ వాసన.
ఏ పుస్తకమైనా ఆ సంగతి చెబుతుందేమోనని
ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నాను.
ఒక్కటి చెప్పింది. అట్ట ఊడిపోయిన ఇది.

ఎనభై నాలుగో పేజీ తియ్యి.
"సువాసన నిలవాలంటే హాప్స్‌ని
మొదట్లోనే వేసి గంటసేపు మరిగించాలి."
తప్పు. శుద్ధ తప్పు.
గంట మరిగితే మిగిలేది చేదే,
వాసన ఎప్పుడో కిటికీలోంచి వెళ్ళిపోయి ఉంటుంది.

ఇప్పుడు అంచు చూడు.
ఒక పెన్సిలు: "లేదు."
దాని కింద ఇంకో పెన్సిలు: "అవును, లేదు."
నీలం సిరా: "ఆఖరి అయిదు నిమిషాల్లో వేసి చూడండి."
గుండ్రటి అక్షరాలు, ఎవరో అమ్మాయివి:
"చూశాను. రెండు రోజులు మా వంటిల్లంతా నారింజ తొక్క."

రాసినాయన తర్వాతి ముద్రణలో దిద్దుకున్నాడు.
అది పై అరలో ఉంది, శుభ్రంగా, అచ్చుతప్పు లేకుండా.
కొత్తవాళ్ళకి అది ఇవ్వను.
దిద్దిన పుస్తకం నమ్మమంటుంది,
దీన్నయితే మరిగించి చూడాలి.

నాలుగు యూరోలు.
పెన్సిల్ ముక్క ఊరికే.
ఆఖరి బస్సుకి ఇంకా పావుగంట ఉంది,
కానీ నువ్వే డ్రైవరువి కదా, అది నిన్ను వదిలి పోదులే.

ఇంకో మాట.
నూట ఇరవయ్యో పేజీలో, ఈస్ట్ దగ్గర, ఇంకొక తప్పుంది.
ఇన్ని చేతులు మారినా అంచు తెల్లగానే ఉంది.
ఎవరూ పట్టుకోలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను.
నేనే పొరబడ్డానేమో.
చూసి చెప్పు.