ఇంకో రెండు రాడ్లు

మా ఇల్లు ఒక బోరు లారీ.
పది చక్రాలు, ఒక కంప్రెసరు,
ముందద్దం మీద ఎర్ర పెయింటుతో దేవుడి పేరు.
వెనకాల వచ్చే సామాను బండిలో
రాడ్ల పక్కనే అమ్మ పొయ్యి.
ఊరంటే నాకు
నీళ్ళు పడేదాకా ఉండే చోటు.

కొప్పళలో అక్షరాలు దిద్దాను,
ధర్మపురికి పోతే అవే అక్షరాలు వేరే వంకర తిరిగాయి.
నాందేడు బళ్ళో పెన్నోబులేసు అనడానికి నోరు తిరక్క
మాస్టారు నన్ను ఓబీ అని కత్తిరించాడు.
ఏ హాజరు పట్టీలోనూ నేను
రెండో నెల చూడలేదు.

రాత్రుళ్ళు కంప్రెసరు మోతలో నిద్రపోయేవాణ్ణి.
అది ఆగితేనే మెలకువ.
మా నాన్న వన్నూరప్ప ఆ హోరు అడుగున
రాయి గొంతు వినేవాడు.
"పొడి రాయి దగ్గుతాది రా, తడి రాయి గుటకేస్తాది."
పైకొచ్చిన బూడిద పిడికిట్లో నలిపి
కూలీలవైపు తిరిగి రెండు వేళ్ళు చూపేవాడు:
ఇంకో రెండు రాడ్లు దింపండి.

చిక్కమగళూరు పక్కన ఒక కాఫీ తోట.
ఆరు వందల అడుగులు. చెంచాడు తేమ లేదు.
అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి చోటు చూపించిన పెద్దమనిషి
మూడు వందల దగ్గరే జారుకున్నాడు.
ఆసామి సగం డబ్బులిచ్చి, మిగతా సగానికి
గోడ మీది గిటారు దించి ఇచ్చాడు.
నాలుగే తీగలు, పొట్టలో కందిరీగల గూడు.
నాన్న దాన్ని డీజిల్ డబ్బాల మధ్య పడేసి
మూడు జిల్లాలు దాటేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

పందొమ్మిదేళ్ళకి బెంగళూరులో దిగాను.
లింగరాజపురంలో హార్మోనియంలు బాగుచేసే
ఆరోగ్యస్వామి మాస్టారు నా పట్టు చూసి నవ్వాడు:
"సమ్మెట కాదబ్బాయ్, అది వాద్యం."
రెండేళ్ళు మెటల్ బ్యాండులో బాదాను.
మోత నాకు పుట్టిల్లే కదా.

ఒక రాత్రి ఉల్సూరులో రిహార్సల్ మధ్య కరెంటు పోయింది.
స్పీకర్లు చచ్చాయి. ఎవరో అగ్గిపెట్టె వెతుకుతున్నారు.
ఆ చీకట్లో నా వేలు ఊరికే
ఒక తీగ మీద జారింది.
కంప్రెసరు ఆగినప్పుడు వచ్చే మెలకువ
అదే వచ్చింది.

ఇప్పుడు రెసిడెన్సీ రోడ్డు హోటల్లో
వారానికి నాలుగు రాత్రులు, స్మూత్ జాజ్.
పాత బ్యాండువాళ్ళు వెక్కిరిస్తారు:
లిఫ్టులో మోగే సంగీతం కదరా ఓబీ, నీది!
మేనేజరు పొన్నప్ప దూరం నుంచి అరచేత్తో గాలిని అదుముతాడు:
ఇంకా మెల్లగా.
ఫోర్కులు, ఐసుముక్కలు, ఎవరి పుట్టినరోజో కేకు.
వాళ్ళ మాటల కిందుగా నేను దిగుతూ ఉంటాను.
శాక్సఫోను సెలెస్టిన్ ఊపిరి తీసుకునే సందులో
ఒక్క స్వరం, చేతిదాకా వచ్చినదాన్ని,
వాయించకుండా వదిలేస్తాను.
నునుపు తేలికని ఎవరన్నారు?
మెత్తదనం ఎన్ని అడుగుల లోతున ఉంటుందో
మోతలో పెరిగినవాణ్ణి అడగండి.

మొన్న మార్చిలో నాన్న వచ్చాడు.
లారీ అమ్మేశాడు.
చెవులు అంతకు ముందే పోయాయి.
మజ్జిగ అడిగితే పొడుగు గ్లాసులో పుదీనా గుచ్చి తెచ్చారు,
ఆకు తీసి జేబులో వేసుకున్నాడు.
తల ఊపలేదు, కాలు ఆడించలేదు.
మూడో పాటకి లేచి వచ్చి
స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు.
పొన్నప్ప కంగారుగా నావైపు చూశాడు.
నేను చూడనట్టే ఉన్నాను.
సెలెస్టిన్ ఆగాడు. ఆ స్వరం వదిలేశాను.
నాన్న వేళ్ళు
కొంచెం విచ్చుకున్నాయి.

తర్వాత మెజెస్టిక్‌లో అనంతపురం బస్సు ఎక్కుతూ
వినబడనివాళ్ళ పెద్ద గొంతుతో,
బస్టాండు మొత్తం తిరిగి చూసేలా అన్నాడు:
"తడి తగిలింది రా.
ఇంకో రెండు రాడ్లు దింపు."