దానమ్మను అప్పగిస్తూ

ఇదిగో ఏసురత్నం, తాళాల గుత్తి. ఇది టార్చి.
ఆ గొలుసు మేకుకే ఉండనీ,
దానికి గొలుసు అక్కర్లేదు.
పక్క మేకుకున్న లుంగీ నాది,
దాన్ని తాకినాక నమాజుకి మార్చుకునేది. అది పట్టుకుపోతా.

ఓనరు గారమ్మాయి పెట్టిన పేరు డయానా.
హమాలీల నోట్లో పడి దానమ్మయింది.
రెంటికీ చెవి కదిపిద్ది,
దానమ్మా అంటేనే లేచొచ్చిద్ది.

రాట్‌వైలర్ అంటారు.
ఎక్కడో చలిదేశంలో కసాయోళ్ళ బండి లాగిన జాతంట.
ఇక్కడ ఏటుకూరు రోడ్డులో, కోల్డ్ స్టోరేజీ ముందు,
నలభై ఆరు డిగ్రీల ఎండలో
నల్లకోటు విప్పకుండా కాపలా కాస్తంది.
నవ్వమాక. నీకిచ్చే యూనిఫాం కూడా ఉన్నిదే.

తోక లేదు, పిల్లప్పుడే కోయించి తెచ్చారు.
సంతోషం ఎట్టా తెలిసిద్దంటావా?
నడుం మొత్తం ఊగిద్ది.

ఊరికే మొరగదు. మొదటి వారం మూగదనుకున్నా.
గొంతులో గురగుర ఉంటది, అది పలకరింపు.
కోపమొస్తే చప్పుడే ఉండదు. కదలదు.
అప్పుడు నువ్వూ కదలమాక.

తిండి రెండు పూటలు. అంతా ఒక్కసారే పెట్టావో
పొట్ట మెలిపడిద్ది. పక్క గోడౌన్ కుక్క అట్టాగే పోయింది,
తెల్లారేసరికి డప్పులాగా ఉబ్బి.
తిన్నాక గంటసేపు పరుగులొద్దు.
రాగి సంకటి, ఉడికించిన కందనకాయలు, వేసవిలో పెరుగన్నం.
ఉల్లిపాయ తగలకూడదు.
నీ క్యారేజీలో మిగిలిన పులుసు పోసి
ప్రేమ చూపించమాక.

మిర్చి సీజన్లో దాని ముక్కు పనిచెయ్యదు.
తేజాలు దిగిన రోజు మనిషి దగ్గినట్టే దగ్గిద్ది.
తడిగుడ్డతో కళ్ళు తుడువు.
ముందు నీ చేతులు కడుక్కో.
ఓసారి టిక్కీలు సర్ది అట్టాగే తుడిచా,
రెండు రోజులు నా మొహం చూళ్ళేదు.

నడక తెల్లారుజామున నాలుగింటికి.
ఎండెక్కితే తారు మీద అరచెయ్యి పెట్టి పది లెక్కపెట్టు,
నువ్వు ఆగలేకపోతే అదీ నడవలేదు.
మధ్యాహ్నం మూడో ఛాంబరు తలుపు కింద
చల్లగాలి కారే సందుకి పొట్ట ఆనించి పడుకుంటది.
లేపమాక. హమాలీల్నే తిరిగి పొమ్మను.

ఇంకా... ఆనుకుంటది. నిలబడ్డ మనిషి మోకాలికొచ్చి
తన బరువంతా వదిలేస్తది, నిండు టిక్కీ అంత.
కాలు ఎడంగా పెట్టి నిలబడు.

ఈ మాట ఓనరు దగ్గర అనమాక.
నాకు రెండేళ్ళుగా చెవుల్లేవు.
కుడిది పూర్తిగా, ఎడమది ముప్పాతిక.
లారీ హారను, గేటు గడియ, ఏదీ నేను విన్లేదు.
అదొచ్చి ఆనుకుంటే లేచేవాణ్ణి.
తెలిసిన లారీకి మెల్లగా, కొత్తమనిషికి గట్టిగా.
పొగొచ్చిన రాత్రయితే నులకమంచం మీంచి
రెండుసార్లు కింద పడేసింది.
మర్నాడు పేపర్లో వేశారు,
అప్రమత్తంగా ఉన్న వాచ్‌మన్ నాగుల్ మీరా, అని.
ఆ కాగితం దానికి వాసన చూపించా. తుమ్మింది.

నీకు చెవులున్నాయి. అదే నా దిగులు.
పనిలేకపోతే ఈ జాతి చెడిపోద్ది,
గోనెలు చింపిద్ది, తన కాలే నాక్కుని పుండు చేసుకుంటది.
అందుకని, ఏసురత్నం,
అప్పుడప్పుడు వినపడనట్టు పడుకో.
అదొచ్చి ఆనుకున్నాకే లే.
లేచి, ఏందమ్మా అని అడుగు.

ఎనిమిదేళ్ళొచ్చినయి. వెనక కాళ్ళ కీళ్ళు అరిగినయి.
బిళ్ళ కందనకాయలో దాచి పెట్టు, ఊసేస్తే మళ్ళీ పెట్టు.
ఓ రోజు ర్యాంపు ఎక్కలేదు.
ఆ రోజు నాకు ఫోన్ చెయ్యమాక, ఎట్టా వింటా?
ఆటో ఎక్కించి నంబూరు పంపు.
మసీదెనక సందు, నీలం తలుపు.
ఆటో అబ్బాయి తలుపు కొట్టక్కర్లేదు,
దాన్ని అరుగు మీద దింపి పోతే చాలు.
తలుపు ఊగితే కనబడిద్ది నాకు.

టార్చిలో బ్యాటరీలు పాతయి. మార్చుకో.